స్లాబ్ సెరిఫ్ పక్కన తెలుగు చిన్నబోతోంది: గానుగ నూనె బోర్డుకూ లేబులుకూ ఏ అక్షరం వాడాలి?

అంబాజీపేట_గానుగ

మాది అంబాజీపేట. ఇంటి వెనుక గానుగ పెట్టి కొబ్బరి నూనె అమ్మడం మొదలుపెట్టాం. సీసా లేబులు, డబ్బా, అట్టపెట్టె, రోడ్డు మీద బోర్డు, అన్నీ ఒకే తరహా అక్షరంతో ఉండాలని మా కోరిక. డిజైను చేసే అబ్బాయి ఇంగ్లీషు పేరును పాతకాలపు పోస్టర్ల తరహా స్లాబ్ సెరిఫ్‌లో వేసి చూపించాడు. లావుపాటి గీతలు, ప్రతి అక్షరానికీ పైనా కిందా చదరపు దిమ్మలు. చూడగానే మనసుకు పట్టింది. రంగులూ హంగులూ లేకుండా ఒక్క నలుపులోనే దూరం నుంచి కనబడుతోంది.

చిక్కంతా తెలుగు దగ్గర వచ్చింది. "గానుగ కొబ్బరి నూనె, అంబాజీపేట" అని పక్కనే వేస్తే ఇంగ్లీషు ముందు వెలవెలబోతోంది. ఆ మాట అంటే, అబ్బాయి తెలుగు అక్షరాలకు కూడా కింద దిమ్మలు అతికించి ఇంకో నమూనా పంపాడు. మా అన్నయ్యకు అది భేషుగ్గా ఉంది. నాకు మాత్రం కంటికి ఇంపుగా లేదు. మా నూనె కొనేవాళ్ళలో ఎక్కువమంది చదివేది తెలుగే. తెలుగు చిన్నబోయే పక్షంలో నాకు ఈ డిజైనే వద్దు. అలాగని ఆ స్లాబ్‌ను వదులుకోవడమూ ఇష్టం లేదు. రెండూ కలిసి నడిచే దారి ఉందా?

భీమవరం_ఫ్లెక్సీ

ఇంగ్లీషుకు ఆల్ఫా స్లాబ్ వన్, తెలుగుకు రామభద్ర. రెండూ ఉచిత ఫాంట్లే, రెండూ లావు. మేం రోజూ వేసేవే. దీనికి ఇంత ఆలోచన అక్కర్లేదు.

ఏలేటిపాయ

కోనసీమ కొబ్బరి నూనెకు లండన్ పోస్టరు అక్షరం ఎందుకండి? కాఫీ కొట్టు, బిర్యానీ హోటలు, బట్టల దుకాణం, "పాతకాలం" అని చెప్పుకోదలచిన ప్రతివాళ్ళూ ఈ దిమ్మల అక్షరాన్నే ఎత్తుకుంటున్నారు. అందరూ వాడాక అది ఎవరికీ గుర్తు కాదు. తెలుగు ఒక్కటే పెద్దగా వేసి, ఇంగ్లీషు కింద సన్నగా పెట్టండి.

కాకినాడ_కళ

ఏలేటిపాయ గారు చెప్పిన చివరి వాక్యంతో ఏకీభవిస్తాను, మొదటి వాక్యంతో కాదు. స్లాబ్ అనేది ఒకే అక్షరం కాదు, అందులో తెగలున్నాయి. గానుగ గారూ, మీ అబ్బాయి వాడింది వీటిలో ఏదో ముందు చూసుకోండి.

గీత లావూ దిమ్మ లావూ దాదాపు సమానంగా ఉండి, దిమ్మ గీతకు నిటారుగా అతుక్కుని ఉంటే అది మొదటి రకం. పాత జాబితాల్లో యాంటిక్ అనీ ఈజిప్షియన్ అనీ కనిపిస్తుంది. దిమ్మ గీతలో కలిసే చోట చిన్న వంపు ఉంటే అది క్లారెండన్ రకం, కొంచెం మెత్తగా ఉంటుంది. "ఓ" పూర్తి గుండ్రంగా, గీతలన్నీ స్కేలు పెట్టి గీసినంత సమానంగా ఉంటే 1930 ప్రాంతపు రకం: మెంఫిస్ 1929, రాక్‌వెల్ 1934. ఇక నడుం సన్నగా ఉండి పైనా కిందా దిమ్మలు మాత్రం విపరీతంగా లావెక్కితే అది ఫ్రెంచ్ క్లారెండన్. అది పెడితే మీ నూనె సీసా కౌబాయ్ సినిమా పోస్టరు అయిపోతుంది, జాగ్రత్త.

వంపులున్న తెలుగు పక్కన క్లారెండన్ ఒదిగినంతగా మిగతావి ఒదగవు. ఆ కలిసే చోటి వంపే దానికి కారణం.

అంబాజీపేట_గానుగ

నిటారు దిమ్మలే. మీరు చెప్పిన మొదటి రకం. నడుం సన్నగా లేదు, కాబట్టి గుర్రాల భయం లేదు.

గౌతమి_గట్టు

"లండన్ పోస్టరు" అన్న మాట వచ్చింది కాబట్టి కొంచెం వెనక్కి వెళదాం. ఈ దిమ్మల అక్షరాన్ని అచ్చు నమూనా పుస్తకంలో మొదట చూపించినవాడు లండన్‌లోని విన్సెంట్ ఫిగిన్స్. పుస్తకం మీద 1815 అని ఉంటుంది. అప్పటిదాకా అక్షరాలు పుస్తకాల కోసం పుట్టేవి. పరిశ్రమలు పెరిగి, లాటరీలూ నాటకాలూ వస్తువులూ గోడ మీద పోటీపడడం మొదలయ్యాక, నడిచి వెళ్ళే మనిషిని ఆపే అక్షరం కావలసి వచ్చింది. పుస్తకపు అక్షరాన్ని ఊరికే పెద్దది చేస్తే సన్నగీతలు దూరానికి కనబడవు. అందుకని సన్నగీతలనే లావు చేశారు. స్లాబ్ పుట్టుకలో ఉన్న అవసరం ఇదే, అలంకారం కాదు.

క్లారెండన్ 1845లో వచ్చింది. ఫ్యాన్ స్ట్రీట్ ఫౌండ్రీలో, అంటే అచ్చు అక్షరాలు పోతపోసే కార్ఖానాలో, రాబర్ట్ బెస్లీ దాన్ని డిజైను చట్టం కింద నమోదు చేయించాడు. రక్షణ మూడేళ్ళే. గడువు తీరగానే మిగతా ఫౌండ్రీలన్నీ తలా ఒక క్లారెండన్ పోతపోసుకున్నాయి. మన ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఏలేటిపాయ గారూ, ఈ అక్షరమూ మన డెల్టా కాలవలూ ఒకే తరం బిడ్డలు. మనకు పరాయిది అని తోసేయనక్కర్లేదు.

ఏలేటిపాయ

ఒకే కాలంలో పుట్టినంత మాత్రాన చుట్టరికం కుదరదు గట్టు గారూ. ఆనకట్ట మన నేల మీద, మన నీళ్ళ కోసం కట్టింది. ఆ అక్షరం మన లిపి కోసం గీసింది కాదు. నా అభ్యంతరం అలాగే ఉంది.

మండపేట_బస్తా

మాకు బియ్యం మిల్లు ఉంది. ఏ అక్షరం అందం అనేది మీరు తేల్చుకోండి, ఏది గోనె మీద బతుకుతుందో నేను చెప్పగలను. స్లాబ్ బతుకుతుంది. గోనె నేత ముతక. సన్నగీత ఉన్న అక్షరం వేస్తే సిరా పోగుల మధ్యకు పోయి గీత తెగుతుంది. అన్ని గీతలూ ఒకే లావు ఉన్నది మాత్రం నాలుగు చేతులు మారి, లారీలో రుద్దుకుపోయినా చదవగలం.

స్టెన్సిల్ రేకు కోయించినప్పుడు తెలుగు దగ్గర ఒక చిక్కు ఉంది. సున్న కోస్తే మధ్య ముక్క రాలిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి చిన్న కట్టు వదలాలి. "మండపేట"లో సున్న ఒకటి ఉంది, మ కడుపు ఒకటి ఉంది. కట్లు ఎక్కడ వదలాలో తెలిసినవాడు కోస్తేనే అది ఊరి పేరుగా మిగులుతుంది.

పూతరేకు

మాది ఆత్రేయపురం. పూతరేకుల పెట్టె మీద మేం ఈ దిమ్మల అక్షరమే వాడుతున్నాం, పేరుకు మాత్రమే. తతిమ్మా అంతా, అంటే బెల్లమా పంచదారా, నెయ్యి వివరం, ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది, అన్నీ సాదా అక్షరంలో. కొనేవాళ్ళు దూరం నుంచి పేరు పట్టుకుంటారు, చేతిలోకి తీసుకున్నాక వివరం చదువుతారు. రెండూ వేరు వేరు పనులు. లావు అక్షరంతో పేరా రాస్తే ఎవరూ చదవరు.

నరసాపురం_లేసు

స్లాబ్ అంటే లావు అన్నట్టుగా మాట్లాడుతున్నారు అందరూ. దిమ్మ వేరు, లావు వేరు. మేం లేసు అల్లికలు ఎగుమతి చేస్తాం. మా అట్ట మీద సన్నటి స్లాబ్ వాడాం, జోసెఫిన్ స్లాబ్‌లో పలచనిది. దారం అల్లికకు అది సరిగ్గా కుదిరింది. ఆర్చర్ అనే అక్షరం గురించి కళ గారికి తెలిసే ఉంటుంది. 2001లో మార్తా స్టీవార్ట్ పత్రిక కోసం గీశారు. వంటలూ కుట్లూ ఉన్న పత్రికకు స్లాబే వాడారు, ఎక్కడా మోటుగా ఉండదు.

కాకినాడ_కళ

నిజమే. ఇంకో చివర టైపు మిషను అక్షరం ఉంది, అదీ స్లాబే. మిషనులో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు జాగా. "ఐ" లాంటి సన్న అక్షరం ఆ జాగాలో ఒంటరిగా నిలబడకుండా దిమ్మలు చాపి చోటు నింపుతారు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ముందు టైపు చేయించిన పాత ఇంగ్లీషు కాగితం ఎవరి ఇంట్లో ఉన్నా తీసి చూడండి.

వీధిలో చూడాలంటే హోండా బండి మీద పేరు, సోనీ పెట్టె మీద పేరు. ఐబీఎం గుర్తు కూడా దిమ్మల అక్షరమే. పాల్ ర్యాండ్ 1956లో గీశారు, ఇప్పుడు మనం చూసే అడ్డచారలు 1972లో వచ్చాయి.

ట్రెడిల్_మాస్టారు

తణుకులో ట్రెడిల్ ప్రెస్, అంటే కాలితో తొక్కే అచ్చు మర, నడిపినవాణ్ణి. కరపత్రాలు, శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, నాటకాల వాల్‌పోస్టర్లు, అన్నీ వేశాం. గట్టు గారు చెప్పిన చరిత్రకు ఒక ముక్క కలుపుతాను.

పోస్టరు అక్షరాలు సీసంతో పోస్తే బరువు మోయలేం, ఖర్చు భరించలేం. పెద్ద అక్షరం చల్లారేటప్పుడు ముఖం సమంగా రాదు కూడా. అందుకే చెక్క. న్యూయార్కులో డారియస్ వెల్స్ 1827లో చెక్కను తొలిచే మర కనిపెట్టాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్ జోడించాడు. దాంతో ఒకే నమూనా నుంచి చిన్నదీ పెద్దదీ, వెడల్పుదీ ఇరుకుదీ కోయగలిగారు. స్లాబ్‌లకు అన్ని వెడల్పులు ఉండడానికి ఈ మరే కారణం. పోస్టరులో వరుస నిండకపోతే వెడల్పు అక్షరం, పట్టకపోతే ఇరుకు అక్షరం. మీరు పాత పోస్టర్లలో చూసే ఆ అందం చాలా వరకు కాగితం వెడల్పుకు సరిపెట్టడంలో పుట్టింది.

చెక్క అక్షరానికి సన్నగీత ఉంటే మొదట విరిగేది అదే. దిమ్మ ఉన్న అక్షరం మూలలు కొంచెం అరిగినా పని చేస్తుంది. మండపేట ఆయన గోనె గురించి చెప్పినదీ నేను చెక్క గురించి చెప్పినదీ ఒకటే మాట.

రాజమండ్రి వంటి ఊళ్ళో వీరేశలింగం గారి కాలం నుంచి అచ్చు పని జరిగింది. 1874లో మొదలైన వివేకవర్ధని పేరు విననివాళ్ళు ఉండరు. ఆ పరంపరలో వచ్చిన కంపోజిటర్లు తెలుగుకు ఏనాడూ దిమ్మలు పెట్టలేదు. లావు కావాలంటే లావు టైపు ఎత్తుకున్నారు, చుట్టూ రూళ్ళు కట్టారు, తెల్లజాగా వదిలారు. పేరు దానంతట అదే నిలిచింది.

అంబాజీపేట_గానుగ

మాస్టారూ, అయితే దిమ్మల నమూనా పక్కన పెట్టేయమంటారా? అన్నయ్యకు కారణం చెప్పాలి. "బాగాలేదు" అంటే వినడు.

కుంచె_రాజమండ్రి

కారణం నేను చెబుతాను. బోర్డులు రాసి బతికినవాణ్ణి. ఫ్లెక్సీ వచ్చాక పని తగ్గింది గానీ చెయ్యి తప్పలేదు.

ఇంగ్లీషు పెద్దక్షరాలు చాలా వరకు నిలువు కర్రలు. కర్ర నేల మీద నిలబడుతుంది కాబట్టి దానికి దిమ్మ అందం. తెలుగు అక్షరం నేల మీద నిలబడదు, గుండ్రంగా తిరిగి తనలోకి తానే ముడుచుకుంటుంది. దానికి కింద దిమ్మ పెట్టడం పంచె కట్టుకున్న మనిషికి బూట్లు తొడగడమే.

పైన పెడదామా అంటారేమో, తలకట్టుకు. మీ పేరే రాసి చూడండి. "అంబాజీపేట". అం, తలకట్టు లేదు. బా, దీర్ఘం వచ్చింది. జీ, గుడి ఉంది. పే, ఏత్వం వచ్చింది. ట, దానికి పుట్టుకతోనే తలకట్టు లేదు. అయిదక్షరాల్లో ఒక్క తలకట్టూ లేదు. "గానుగ"లో ను, గ, రెండే. అంటే ఈ రెండు మాటల్లో రెండక్షరాలకు దిమ్మలుండి తతిమ్మా వాటికి లేకుండా పోతాయి. మీ అన్నయ్యకు ఈ లెక్క చూపించండి.

తెలుగుకు బరువు ఇచ్చే దారి వేరే ఉంది. గీత లావు. ఇంగ్లీషు నిలువు కర్ర ఎంత లావో తెలుగు గీత లావైన చోట అంతే ఉండాలి. వంపు తిరిగే చోట కొంచెం తగ్గాలి, లేకపోతే లోపలి ఖాళీ పూడుకుపోతుంది. ఆ పైన రెంటికీ ఒకే షేడు. కుడివైపూ కిందా ఒకే కోణంలో, ఒకే లోతులో, ఒకే రంగులో. షేడుకు లిపి తేడా లేదు. దాంతో రెండూ ఒక చేతి రాత అవుతాయి.

గౌతమి_గట్టు

కుంచె గారి షేడుకు చరిత్ర ఆసరా కూడా ఉంది. నీడ వేసిన అక్షరాలను అచ్చులోకి తెచ్చినవాళ్ళలోనూ ముందు నిలిచేది ఫిగిన్సే. దిమ్మ, షేడు ఒకే ఇంట పుట్టాయి.

భీమవరం_ఫ్లెక్సీ

తలకట్ల లెక్క బాగుంది బాబాయి గారూ. ఇన్నేళ్ళలో ఎవరూ ఇలా విడదీసి చెప్పలేదు.

ఏలేటిపాయ

కుంచె గారు చెప్పింది నా మాటకు దగ్గరగా ఉంది. తెలుగును తెలుగుగా ఉంచమనే నేనూ అన్నాను. షేడు పెడితే ఆ ఇంగ్లీషు పక్కన ఉన్నా నాకు ఇబ్బంది లేదు, కాకపోతే సగం సైజులో ఉండాలి.

కాకినాడ_కళ

కంప్యూటర్‌లో ఇదే పని ఎలా చేయవచ్చో చెబుతాను. ఫ్లెక్సీ గారు చెప్పిన రామభద్ర మంచి శీర్షిక అక్షరం, కానీ దానికి ఒకే లావు. ఇంగ్లీషు కర్రతో సరిపోతే సరి, లేకపోతే సర్దుకునే వీలు లేదు. అనెక్ తెలుగు చూడండి, 2022లో వచ్చింది. లావూ వెడల్పూ రెండూ జరుపుకోవచ్చు. ఇంగ్లీషు పదాన్ని పక్కన పెట్టి, కళ్ళు సగం మూసి, రెండూ ఒకే నలుపుగా కనిపించేదాకా జరపండి. గుండ్రదనం కావాలంటే బలూ తమ్ముడు. లావు సన్నాల తేడా ఉన్న సంప్రదాయ రూపం కావాలంటే నోటో సెరిఫ్ తెలుగు, అందులో బాగా లావు దాకా ఉన్నాయి.

ఇంగ్లీషు వైపు ఉచితంగా దొరికేవి: బెవన్, ఇది హైన్రిక్ యోస్ట్ 1930లలో గీసిన అక్షరానికి కొత్త రూపం. అల్ట్రా మరీ బరువు. రోబోటో స్లాబ్‌లో సన్నం నుంచి లావు దాకా అన్నీ ఉన్నాయి. జిల్లా స్లాబ్ 2017లో మొజిల్లా కోసం చేశారు, అది పోస్టరు కంటే వివరాల వరుసలకు నయం.

ఎత్తు విషయంలో మాత్రం కుంచె గారిని అడగాలి. తెలుగు అక్షరం ఒంటి ఎత్తును ఇంగ్లీషు పెద్దక్షరం ఎత్తుకు సమానం చేయాలా, తగ్గించాలా?

కుంచె_రాజమండ్రి

కొంచెం తగ్గించాలి. గుడి పైకి పోతుంది, కొమ్ము పక్కకు పోతుంది, వత్తు కిందికి దిగుతుంది. వాటికి చోటు వదిలి ఒంటిని ఇంగ్లీషు ఎత్తులో ముప్పాతికకు తేవాలి. అప్పుడు రెండు వరుసలూ సరిజోడు.

కాకినాడ_కళ

నేను ఒప్పుకోను బాబాయి గారూ. అలా చేస్తే దూరానికి తెలుగే చిన్నదవుతుంది. గానుగ గారి అసలు బాధ అదే కదా. ఒంటి ఎత్తునే సమానం చేసి, గుళ్ళూ వత్తులూ పైకీ కిందికీ పోతే పోనివ్వండి. బోర్డు ఎత్తు పెంచండి. తెలుగుకు చోటు ఎక్కువ కావాలి, ఆ చోటు ఇవ్వాలి.

కుంచె_రాజమండ్రి

బోర్డు ఎత్తు పెంచితే రేకు ఖర్చు ఎవరు పెడతారు అమ్మా? నువ్వు చెప్పినది లేబులు మీద బాగుంటుంది. రోడ్డు మీద నాది నడుస్తుంది.

పూతరేకు

మా ఊరి పేరులో త్రే ఉంది, కింద వత్తు పైన ఏత్వం. ఆ ఒక్క అక్షరం కోసమే మా బోర్డు ఎత్తు పెరిగింది. గానుగ గారిది అదృష్టం, "గానుగ"లోనూ "అంబాజీపేట"లోనూ ఒక్క వత్తు లేదు. "కొబ్బరి" ఒక్కటే చూసుకోవాలి.

నరసాపురం_లేసు

నరసాపురంలోనూ వత్తు లేదు. మేమూ అదృష్టవంతులమే.

మండపేట_బస్తా

మండపేటలోనూ లేదు. ధవళేశ్వరం వాళ్ళకే కష్టం.

ట్రెడిల్_మాస్టారు

"కొబ్బరి" గురించి ఒక హెచ్చరిక. అచ్చులో బ కింద బ వత్తు పడితే రెండూ చిన్న కడుపులున్న అక్షరాలే. లావు ఎక్కువైతే వత్తు నల్ల మచ్చ అవుతుంది. అట్టపెట్టె మీద అచ్చు మరీ ప్రమాదం. ఆ అట్ట సిరాను పీల్చుకుని గీతను ఇంకా వెడల్పు చేస్తుంది. సీసా లేబులు మీద ఎంత లావు పెట్టారో, అట్టపెట్టె మీద దానికి ఒక మెట్టు తగ్గించాలి. తగ్గిస్తేనే రెండూ ఒక్కలా కనబడతాయి. ఢ, ధ, భ లాంటి ఒత్తక్షరాల కింది చిన్న గీత కూడా లావులో కలిసిపోతుంది. ధ కాస్తా ద అయితే పేరే మారుతుంది. మీ వివరాల్లో అవి ఉంటే అద్దంతో చూడండి.

ఇంగ్లీషు దిమ్మల మధ్య కూడా ఇదే జాగ్రత్త. రెండక్షరాల దిమ్మలు ఒకదానికొకటి తగిలితే కింద ఒక నల్ల పట్టీ ఏర్పడుతుంది. పెద్ద సైజులో దగ్గరగా పెట్టవచ్చు, చిన్న సైజులో ఎడం పెంచాలి.

భీమవరం_ఫ్లెక్సీ

బోర్డుకు లైటు అక్షరాలు చేయిస్తారా, ఫ్లెక్సీనా, చేతి రాతా? లైటు అక్షరాలైతే ఒక విషయం. నిటారు దిమ్మలున్న స్లాబ్‌కు మూలలన్నీ తిన్నగా మడవవచ్చు, రేకు పని తేలిక. క్లారెండన్ వంపులకు చెయ్యి ఎక్కువ పడుతుంది. తెలుగుకు అంతా వంపే, అందుకే తెలుగు అక్షరానికి కూలి ఎక్కువ అడుగుతారు, ఆశ్చర్యపోకండి. గీత లావుగా ఉంటే లోపల ఎల్ఈడీలు ఒక వరుస చక్కగా కూర్చుంటాయి. సన్నగీత ఉన్న అక్షరంలో వెలుగు మచ్చలు మచ్చలుగా పడుతుంది.

సైజుకు మేం వాడే లెక్క: పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు. రోడ్డు అవతల నుంచి కనబడాలా, వంతెన మీద నుంచి కనబడాలా అనేది మీరు చెబితే ఎత్తు తేలుతుంది. తెలుగుకు అంతకంటే కొంచెం ఎక్కువే పెట్టుకోండి. ఈ ఒక్క మాటలో కళ గారి వైపే నేను.

అంబాజీపేట_గానుగ

బోర్డు చేతి రాతే. అది తేల్చేశాను. కుంచె గారూ, మీరు అంబాజీపేట దాకా వస్తారా? మీ ముప్పాతిక లెక్క ప్రకారమే రాయండి. లేబులు మీద మాత్రం కళ గారు చెప్పినట్టు తెలుగు ఒంటి ఎత్తు ఇంగ్లీషుకు సమానంగా పెట్టిస్తాను, అనెక్ తెలుగుతో. ఏలేటిపాయ గారి మాట కూడా తీసుకున్నాను: తెలుగు పైన, ఇంగ్లీషు కింద, కొంచెం చిన్నగా. తలకట్ల లెక్క విన్నాక అన్నయ్య కాగితం మీద ఊళ్ళ పేర్లన్నీ రాసి చూసుకుంటున్నాడు. దిమ్మల నమూనా మాట మళ్ళీ ఎత్తలేదు.

కుంచె_రాజమండ్రి

వస్తాను. సుద్దతాడూ కుంచెలూ నావి, నిచ్చెన మీది. ఒక సీసా నూనె కూడా మీదే.

ఏలేటిపాయ

ఇంగ్లీషు "కొంచెం" చిన్నగా కాదు, బాగా చిన్నగా. ఈ విషయంలో తగ్గేది లేదు.

పూతరేకు

లేబులు వెనుక వైపు మరిచిపోకండి. ధర, నికర పరిమాణం, తయారీ తేదీ, ఆహార భద్రత లైసెన్సు పద్నాలుగు అంకెలు, ఇవేవీ స్లాబ్ లావులో పెట్టవద్దు. సాదా అక్షరం, తెల్ల నేల మీద నల్ల సిరా. అలంకారం అంతా ముందు వైపే.

కాకినాడ_కళ

ధర అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. రూపాయి గుర్తును ప్రభుత్వం 2010లో తీసుకుంది. అంతకు ముందు చేసిన స్లాబ్ ఫాంట్లలో అది లేకపోవచ్చు. లేకపోతే కంప్యూటర్ వేరే ఫాంటు నుంచి గుర్తు తెచ్చి పెడుతుంది, పక్కన అంకెలు లావుగా, గుర్తు సన్నగా వస్తాయి. ముందే కొట్టి చూడండి.

నరసాపురం_లేసు

ఉచితం అంటున్నారు, అమ్మే సరుకు మీద వాడవచ్చా? మాకు ఒకసారి ఒక డిజైనరు ఇచ్చిన ఫాంటుకు లైసెన్సు లేదని ఎగుమతి కొనుగోలుదారు అభ్యంతరం పెట్టాడు.

కాకినాడ_కళ

పైన నేను చెప్పిన తెలుగు ఫాంట్లూ, బెవన్, జిల్లా స్లాబ్ కూడా ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. లేబులు మీద, బోర్డు మీద, సరుకు మీద వాడుకోవచ్చు. ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. రాక్‌వెల్ వంటివి కంప్యూటర్‌తో పాటు వచ్చినా వాటి షరతులు వేరు, చదివి వాడాలి. ఎవరో పెన్‌డ్రైవులో ఇచ్చిన ఫాంటును వ్యాపారానికి వాడవద్దు.

భీమవరం_ఫ్లెక్సీ

అచ్చుకు ఫైలు పంపే ముందు అక్షరాలన్నీ కర్వ్‌లుగా, అంటే ఫాంటు అక్కర్లేని బొమ్మ గీతలుగా, మార్చి పంపండి. మా దగ్గర చాలా కంప్యూటర్లలో యూనికోడ్‌కు ముందటి అను ఫాంట్ల పద్ధతే నడుస్తోంది, యూనికోడ్ తెలుగు తెరిస్తే వత్తులు విడిపోయి పక్కకు వస్తాయి. "కొబ్బరి"లో బ వత్తు ఎగిరిపోతే చూసుకునే తీరిక రాత్రి పన్నెండింటికి ఎవరికీ ఉండదు. పాత ఫొటోషాప్‌లో తెలుగు విడివిడిగా పడుతుంటే టెక్స్ట్ ఇంజిన్ సెట్టింగులో దక్షిణాసియా భాషలు ఉన్నదాన్ని ఎంచుకుని, కొత్త ఫైలు తెరవండి.

ట్రెడిల్_మాస్టారు

కర్వ్‌లుగా మార్చిన ఫైలుతో పాటు మార్చనిది ఒకటి మీ దగ్గర దాచుకోండి. ధర మారినప్పుడు అది లేకపోతే మళ్ళీ మొదటి నుంచి కంపోజ్ చేయాలి. ఆ అట్టపెట్టె నమూనా వచ్చాక ఇక్కడ ఫొటో పెట్టండి, బ వత్తు చూసి చెబుతాను.